చెట్టు పేరు, ఊరి పేరు: ఫ్రెంచి వైన్ వర్గీకరణ వెలుగులో పాలకుర్తి ప్రాంతపు కల్లు చరిత్ర

వ్యాస సంగ్రహం

ఫ్రెంచి వైన్‌ను అది పండిన ప్రాంతాన్ని బట్టి, ద్రాక్ష రకాన్ని బట్టి తెలుసుకోవడం ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పద్ధతి. ఆ పద్ధతి నేల స్వభావం నుంచి దానంతటదే పుట్టలేదనీ, కల్తీకి వ్యతిరేకంగా ద్రాక్షరైతులు సాగించిన పోరాటాల ఫలితంగా 1905–1935 మధ్య చట్టరూపం దాల్చిందనీ ఈ వ్యాసం మొదట వివరిస్తుంది. ఆ వెలుగులో జనగామ జిల్లా పాలకుర్తి పరిసరాల్లోని కల్లుగీత పరిజ్ఞానాన్ని పరిశీలిస్తుంది. చెట్టు జాతి, లింగం, ఋతువు, పూట అనే నాలుగు ఆధారాల మీద నిలిచిన ఈ వర్గీకరణ ఫ్రెంచి వర్గీకరణకు సూక్ష్మతలో తీసిపోదు. అయితే పాలక వ్యవస్థలు కల్లును పన్ను కట్టే చెట్టుగా, వేలం పాడే దుకాణంగా మాత్రమే గుర్తించాయి. ఆ పరిజ్ఞానం చట్టం దృష్టికి రాకపోవడానికీ, నేటి కల్తీ కల్లు సమస్యకూ సంబంధం ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కల్లు, తాటి, ఈత, గీతవృత్తి, ఆబ్కారీ, పాలకుర్తి, ఫ్రెంచి వైన్, భౌగోళిక గుర్తింపు

1. ప్రవేశిక

పాలకుర్తి అనగానే తెలుగు సాహిత్య విద్యార్థికి పాల్కురికి సోమనాథుడు గుర్తుకు వస్తాడు. ఆ మండలంలోనే ఉన్న బమ్మెర పేరు వినగానే పోతన, తెలంగాణ రైతాంగ పోరాట చరిత్ర తెరవగానే చాకలి ఐలమ్మ జ్ఞప్తికి వస్తారు. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజన వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ప్రస్తుతం జనగామ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతానికి సాహిత్య చరిత్ర ఉంది, ఉద్యమ చరిత్ర ఉంది. ఇక్కడి పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద నిలిచిన తాటిచెట్లకు కూడా ఒక చరిత్ర ఉంది. అది ప్రధానంగా గీసేవారి మాటల్లో, తాగేవారి నాలుక మీద మిగిలి ఉంది.

కల్లును ఎరిగినవారు కల్లు బాగుందా లేదా అని మాత్రమే అడగరు. తాటిదా ఈతదా, పోతుతాడుదా పండుతాడుదా, పొద్దటిదా మాపటిదా అని అడుగుతారు. ఈ ప్రశ్నల క్రమం ఒక వర్గీకరణ శాస్త్రం. ఫ్రాన్సులో ఇదే విధమైన ప్రశ్నల క్రమం (ఏ ప్రాంతం, ఏ ఊరు, ఏ ద్రాక్ష, ఏ సంవత్సరం) చట్టమై, పాఠ్యాంశమై, అంతర్జాతీయ వాణిజ్యంలో ఆస్తిగా స్థిరపడింది. తెలంగాణలో అటువంటి జ్ఞానం మౌఖిక స్థాయిని దాటలేదు. ఎందువల్ల? ఈ వ్యాసం ఎదుర్కొనే ప్రశ్న ఇది.

ఫ్రెంచి వైన్ చరిత్రలో రోజె దియోఁ 1959లో ప్రచురించిన గ్రంథం ముఖ్యమైన మలుపు. గొప్ప ద్రాక్షతోటలకు మూలం నేల మహిమ కంటే మార్కెట్టు, రవాణా మార్గాలు, మనుషుల పూనిక అని ఆయన నిరూపించడానికి ప్రయత్నించాడు. షాంపేన్ విషయంలో ఇటువంటి పరిశీలననే 2003లో కోలీన్ గై చేసింది. భారతదేశంలో మద్యపాన చరిత్రకు సంబంధించి డేవిడ్ హార్డిమన్ 1985లో దక్షిణ గుజరాత్‌పై రాసిన వ్యాసం, ఆచారంగా ఉన్న పానం వలస పాలనలో నేరంగా మారిన క్రమాన్ని చూపింది. ఈ రెండు పరిశోధన ధారలను కలిపి చదివితే, కల్లుకు పేరు లేకపోవడం కూడా చారిత్రక పరిణామమేనని గ్రహించవచ్చు.

2. పాత గ్రంథాల్లో పానీయాల వర్గీకరణ

పానీయాన్ని పదార్థం బట్టి, ప్రాంతం బట్టి పేరుపెట్టి పిలవడం ఐరోపాకే పరిమితమైన ఆలోచన కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని విధులను వివరించే ప్రకరణం ద్రాక్షరసం నుంచి తయారయ్యే పానీయాన్ని ‘మధు’ అని పేర్కొంటుంది. అది పుట్టిన దేశాన్ని బట్టి కాపిశాయనం, హారహూరకం అనే పేర్లు వచ్చాయని కూడా చెబుతుంది. ఊరి పేరే సరుకు పేరు కావడమనే సూత్రం ఇక్కడ స్పష్టంగా ఉంది. ఆ విషయాన్ని సుంకాధికారి తెలుసుకోవలసిన విషయంగా గ్రంథకర్త పరిగణించడం మరింత గమనించదగినది.

ధర్మశాస్త్ర వ్యాఖ్యానాలు పులస్త్యుని పేరిట ఉదహరించే మద్యాల జాబితాలో ద్రాక్ష, ఇప్ప, ఖర్జూర, తాళ, చెరకు పానీయాలు వేర్వేరుగా కనిపిస్తాయి. తాటికల్లు, ద్రాక్షమధువు అక్కడ ఒకే పట్టికలో పక్కపక్కన నిలిచాయి. వాటి మధ్య నాగరికం, అనాగరికం అనే విభజన లేదు. ఆ పట్టిక పదార్థాన్ని చూసింది, అర్థశాస్త్రం ప్రాంతాన్ని కూడా చూసింది. కల్లు విషయంలో ప్రాంతాన్ని చూసే ఆ రెండవ దృష్టి తర్వాతి పాలనా సంప్రదాయాల్లో పెంపొందలేదు.

గీసి అమ్మేవాడు ఆలోచనాపరుడిగా చరిత్రకెక్కిన సందర్భమూ ఉంది. పన్నెండవ శతాబ్దపు కన్నడ వచనకారుల్లో హెండద మారయ్య ఒకడు. ‘హెండ’ అంటే కల్లు. సోమనాథుడు ఏ శరణ ఉద్యమాన్ని తెలుగు ద్విపదలోకి తెచ్చాడో ఆ ఉద్యమంలో కల్లు అమ్మే వృత్తి నుంచి వచ్చినవాడికీ గొంతు దక్కింది.

3. ఫ్రాన్సు: నేల, ద్రాక్ష, పేరు

ఫ్రెంచి వైన్‌ను అర్థం చేసుకోవడానికి రెండు అక్షాలు చాలు. ఒకటి ప్రాంతం, రెండవది ద్రాక్ష రకం. నైరుతి తీరాన ఉన్న బోర్దోలో గారోన్, జిరోంద్ నదుల ఎడమ గట్టున గులకరాళ్ల నేలల్లో కాబెర్నే సోవిన్యోఁ, దోర్దోఞ్ నది కుడి గట్టున బంకమట్టి నేలల్లో మెర్లో ప్రధానమైన రకాలు. అక్కడ రెండు మూడు రకాలను కలిపి వైన్ చేస్తారు. తూర్పున ఉన్న బుర్గుండీలో కలపరు. ఎర్ర వైన్‌కు పినో న్వార్, తెల్ల వైన్‌కు షార్డొనే ప్రధానం. అక్కడ భేదమంతా తోటల మధ్య భేదమే. ‘క్లిమా’ అని పిలిచే ఆ చిన్న చిన్న తోట విభాగాలకు 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. ఉత్తరాన షాంపేన్‌లో పినో న్వార్, మెనియే, షార్డొనే కలుస్తాయి. దక్షిణాన రోన్ లోయలో సిరా, గ్రెనాష్ రకాలు ముఖ్యమైనవి. జర్మనీ సరిహద్దున ఉన్న ఆల్సాస్‌లో మాత్రం సీసా మీద రీస్లింగ్ వంటి ద్రాక్ష పేరునే ప్రధానంగా రాస్తారు. మిగిలిన చోట్ల ఊరి పేరు రాస్తారు. ఆ ఊరు ఏ ద్రాక్షకు చెందినదో కొనేవాడే తెలుసుకోవాలి.

నేల, వాలు, వాతావరణం, మనిషి అలవాటు అన్నీ కలిసిన స్థానిక స్వభావాన్ని ఫ్రెంచివారు ‘తెర్వార్’ అంటారు. ఈ మాటను ప్రకృతి రహస్యంగా వర్ణించడం పరిపాటి. చరిత్ర మాత్రం వేరే కథ చెబుతుంది. 1395లో బుర్గుండీ పాలకుడు ఫిలిప్ ‘ధీరుడు’ గామే అనే ద్రాక్షను పీకివేయాలని ఉత్తర్వు జారీచేశాడు. గామే ఎక్కువ కాపు కాసేది, రైతుకు లాభసాటిది. పినో వైన్‌కు ఉన్న పేరు దెబ్బతినకూడదన్నది ఉత్తర్వు ఉద్దేశం. ‘బుర్గుండీ నేల పినో న్వార్‌ను కోరుకుంటుంది’ అనే నేటి మాట వెనుక ఒక రాజశాసనం కూడా ఉంది. బోర్దో కీర్తికి కూడా రాజకీయ మూలం ఉంది. 1152లో అక్విటైన్ రాణి ఎలియనోర్, హెన్రీ ప్లాంటాజెనెట్ల వివాహంతో ఆ ప్రాంతం ఇంగ్లండు రాజవంశం చేతికి వచ్చి, ఆ నదీతీరపు వైన్‌కు ఇంగ్లండు మార్కెట్టు తెరుచుకుంది. 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్దో దళారులు తయారుచేసిన ప్రసిద్ధ శ్రేణీకరణకు ఆధారం నేల పరీక్ష కాదు, అప్పటివరకు ఆయా తోటల వైన్ పలికిన ధర.

4. పేరు చట్టమైన తీరు

పందొమ్మిదవ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఫ్రెంచి ద్రాక్షతోటలను ఫిలాక్సెరా అనే సూక్ష్మకీటకం పట్టింది. 1863 ప్రాంతంలో రోన్ లోయలో మొదలై తీగల వేళ్లను తినివేస్తూ దేశమంతటా వ్యాపించింది. అమెరికా ద్రాక్ష వేరుమొదలుకు ఫ్రెంచి రకాన్ని అంటుకట్టడం ద్వారా తోటలను తిరిగి నిలబెట్టారు. అయితే ఈ మధ్యకాలంలో ఏర్పడిన కొరతను వ్యాపారులు మరో విధంగా పూరించారు. ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్లు, పిండిన పిప్పికి చక్కెర, నీరు కలిపి పులియబెట్టిన ద్రవం వైన్ పేరుతో అమ్ముడుపోయాయి. తోటలు కోలుకున్న తర్వాత కూడా ఆ వ్యాపారం ఆగలేదు. అసలు రైతు పండించిన వైన్‌కు ధర పడిపోయింది.

1889లో వైన్ అంటే తాజా ద్రాక్ష లేదా దాని రసం పులియగా వచ్చినదేనని చట్టం నిర్వచించింది. 1905లో సరుకుల మోసాలపై సాధారణ చట్టం వచ్చింది. అవి చాలలేదు. 1907లో దక్షిణాన లాంగ్‌దాక్ ప్రాంతంలో లక్షలాది ద్రాక్షరైతులు వీధుల్లోకి వచ్చారు. నార్బోన్ పట్టణంలో సైన్యం కాల్పుల్లో కొందరు మరణించారు. ఆ ఏడాదే చక్కెర వాడకంపై నియంత్రణలు వచ్చాయి. 1911లో షాంపేన్‌లో రైతులు వ్యాపారుల గిడ్డంగులపై దాడిచేశారు. వెలుపలి ద్రాక్ష తెచ్చి షాంపేన్ పేరుతో అమ్ముతున్నారన్నది వారి ఆగ్రహం. ఓబ్ జిల్లా రైతులు మరో కారణంతో తిరగబడ్డారు. వారిని షాంపేన్ సరిహద్దుకు వెలుపల ఉంచారు.

1919లో స్థానిక నామాలపై చట్టం వచ్చింది. 1935 జూలైలో ‘నియంత్రిత మూలస్థాన నామం’ అనే వ్యవస్థ ఏర్పడింది. ఏ సరిహద్దులోపల, ఏ ద్రాక్షతో, ఎంత దిగుబడికి లోబడి, ఏ పద్ధతిలో చేస్తే ఆ ఊరి పేరు వాడుకోవచ్చునో నిర్ణయించిన వ్యవస్థ ఇది. 1936లో షాతోనఫ్-ద్యు-పాప్, ఆర్బ్వా మొదలైనవి ఈ గుర్తింపు పొందిన తొలి ప్రాంతాలు. ఈ క్రమంలో రెండు విషయాలను గమనించాలి. మొదటిది, ఊరి పేరును చట్టంగా మార్చినది కల్తీ వల్ల నష్టపోయిన ఉత్పత్తిదారుల ఒత్తిడి. రెండవది, సరిహద్దు గీయగానే దాని వెలుపల పడినవారు కూడా ఉంటారు. పేరు రక్షణ కల్పిస్తుంది, వెలివేస్తుంది కూడా.

5. పాలకుర్తి ప్రాంతం: చెట్టు, కాలం, పూట

ఇప్పుడు పాలకుర్తి వైపు దృష్టి మళ్లిద్దాం. ఇది వర్షాధారమైన దక్కను పీఠభూమి ప్రాంతం. ఎర్ర చల్క నేలల్లో, పొలం గట్ల మీద తాటి నిలుస్తుంది. వాగుల వెంట, చెరువుల దిగువ తేమ నేలల్లో ఈత గుంపులుగా పెరుగుతుంది. రెండింటి మధ్య భేదం రుచి భేదం మాత్రమే కాదు, గీత పద్ధతిలోనే మౌలికమైన తేడా ఉంది. తాటిలో కల్లు వచ్చేది గెల నుంచి. గెలను కొన్నాళ్లు సిద్ధంచేసి, దాని కొనను రోజూ పలుచగా చెక్కుతూ లొట్టి కడతారు. ఈతలో కల్లు వచ్చేది మాను నుంచి. మొవ్వు కింద మానుపై చెక్కి, గాటు పెట్టి, కారే రసాన్ని పడతారు. గాట్లు ఒక ఏడు ఒక వైపు, మరొక గీతకు ఎదుటి వైపు పెట్టడం వల్ల ముదిరిన ఈతమాను మెలికలు తిరిగినట్లు కనిపిస్తుంది. ఆ మెట్లను లెక్కపెడితే ఆ చెట్టును ఎన్నిసార్లు గీశారో తెలుస్తుంది. చెట్టు తన పన్ను లెక్కను తన ఒంటిమీదే రాసుకున్నట్లు ఉంటుంది.

తాటి, ఈత రెండింటిలోనూ పోతు, పెంటి చెట్లు వేరువేరుగా ఉంటాయి. తాటిలో ఈ భేదం వర్గీకరణకు కీలకం. గీతకార్మికుల మాటల్లో పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అనే విభజన ఉంది. పోతుతాడు పూగెలలు మాత్రమే వేసే పురుషవృక్షం. పండుతాడు అనే మాట కాయగెలతో ముడిపడినది. వీటి పారుడు కాలాలు ఒకటి కావు. చలికాలం నుంచి వేసవి చివరిదాకా ఒక రకం తగ్గుతుంటే మరొక రకం అందుకుంటుంది. అందువల్ల ‘ఏ చెట్టు కల్లు’ అనే ప్రశ్నలోనే ‘ఏ నెల కల్లు’ అనే ప్రశ్న ఇమిడి ఉంటుంది. దీనిపై పూట భేదం చేరుతుంది. రాత్రి చల్లదనంలో ఊరి, పొద్దున దించిన కల్లు తీపి. పగటి ఎండలో ఊరి, మాపటికి దించినది ఘాటు. గాలిలోని, లొట్టిలోని సూక్ష్మజీవులు రసంలోని చక్కెరను పులియబెట్టే వేగమే ఈ తేడాకు కారణం.

ఇక్కడ ఫ్రెంచి వర్గీకరణకూ, గీతకార్మికుని వర్గీకరణకూ మధ్య ఒక లోతైన భేదాన్ని గుర్తించాలి. ద్రాక్షను కొమ్మ నాటి పెంచుతారు, లేదా అంటుకడతారు. అందువల్ల పినో న్వార్ అనేది శతాబ్దాలుగా కొమ్మ నుంచి కొమ్మకు కొనసాగుతున్న ఒకే మొక్క అని చెప్పవచ్చు. ద్రాక్షలో ‘రకం’ అనే భావన దీనివల్లనే సాధ్యమైంది. తాటికి కొమ్మలు లేవు. అది విత్తనం నుంచి మాత్రమే పెరుగుతుంది. ప్రతి చెట్టూ వేరు. పూత రావడానికి పన్నెండు, పదిహేనేళ్లు, ఒక్కోసారి అంతకుమించి పడుతుంది. అప్పటిదాకా అది పోతో పెంటో చెప్పలేం. కాబట్టి తాటిలో ‘రకాన్ని’ తెలుసుకోవడమంటే ‘చెట్టును’ తెలుసుకోవడమే. ఏ చెట్టు ఎక్కువ పారుతుంది, ఏది తీపి, ఏది ఎప్పుడు ఆగుతుంది అన్నది ఆ చెట్టును ఏళ్లతరబడి ఎక్కిన మనిషికే తెలుస్తుంది. మోకు, ముత్తాదు, గుజి కట్టుకొని రోజుకు రెండు పూటలా అనేక చెట్లు ఎక్కిదిగే శరీరంలో ఆ జ్ఞానం నిలిచి ఉంటుంది. ఫ్రాన్సులో ద్రాక్ష పేరు గ్రంథంలో నిలుస్తుంది. ఇక్కడ గీసేవాడు చెట్టు మీద నుంచి పడిపోతే ఆ జ్ఞానమూ అతనితో పోతుంది.

6. ప్రాంతానికి కొలత గంటలు

వైన్‌ను పీపాల్లో నింపి సముద్రం దాటించవచ్చు. కల్లుకు ఆ వ్యవధి లేదు. దించిన కొద్ది గంటల్లో తీపి ఘాటుగా మారుతుంది, మరునాటికి పులుపెక్కుతుంది. కాబట్టి కల్లుకు ‘ప్రాంతం’ అంటే నేల సరిహద్దు కాదు, చెట్టుకూ తాగేవాడికీ మధ్య గంటల్లో కొలిచే దూరం.

దీనికి విలువైన సాక్ష్యం ఒక ఫ్రెంచివాడే ఇచ్చాడు. పదిహేడవ శతాబ్దంలో గోల్కొండను సందర్శించిన వజ్రవర్తకుడు జా బాతిస్త్ తావెర్నియే 1676లో వెలువరించిన యాత్రాగ్రంథంలో నగరానికి కల్లు చేరే తీరును వర్ణించాడు. నాలుగైదు కోసుల దూరం నుంచి తోలుసంచుల్లో కల్లు నింపి, గుర్రానికి ఇరువైపులా వేలాడదీసి, వేగంగా తోలుకొని వచ్చేవారు. రోజుకు ఐదారు వందల గుర్రాలు నగరంలోకి వచ్చేవి. ఆ కల్లుపై సుంకం రూపంలో రాజుకు గణనీయమైన ఆదాయం ఉండేదని కూడా ఆయన రాశాడు. కోసుకు సుమారు రెండు మైళ్ల లెక్కన నాలుగైదు కోసులంటే ఎనిమిది, పది మైళ్లు. గుర్రం పరుగుకూ, కల్లు పులుపుకూ మధ్య జరిగిన పందెమే గోల్కొండ కల్లు ప్రాంతపు హద్దును నిర్ణయించింది. సుమారు వంద కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న పాలకుర్తి కల్లు ఆ హద్దులోపలికి రాజాలదు. ఆ కల్లుకు మార్కెట్టు అంటే తన ఊరు, పొరుగూరు. బోర్దోకు నది ఇచ్చినది పాలకుర్తికి దొరకలేదు. పేరు దూరం వెళ్లాలంటే సరుకు ముందు దూరం వెళ్లాలి.

తావెర్నియే తర్వాత కొద్ది దశాబ్దాలకే ఈ ప్రాంతపు గీతవృత్తి మొగల్ చరిత్ర రచనలోకి మరో దారిన ప్రవేశించింది. నేటి జనగామ జిల్లాలోని ఖిలాషాపూర్ కేంద్రంగా నిలిచి, 1708లో వరంగల్‌పై దాడిచేసి, 1710లో పట్టుబడి మరణశిక్షకు గురైన సర్వాయి పాపన్న కల్లుగీత కులానికి చెందినవాడు. ఖాఫీఖాన్ అతని కులాన్ని ప్రస్తావించి బందిపోటుగా వర్ణించాడు. ప్రజల పాటల్లో అతడు వీరుడు. ఈ వైరుధ్యాన్ని జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో, ఆ తర్వాత 2005లో రిచర్డ్ ఈటన్ విశ్లేషించారు. పాపన్న తిరుగుబాటుకు కల్లు సుంకమే కారణమని ఇక్కడ వాదించడం లేదు. గమనించవలసింది మరొకటి. గోల్కొండ వర్ణనలో కల్లు రాబడిగా కనిపిస్తుంది, మొగల్ రచనలో గీసేవాడు కులనామంగా కనిపిస్తాడు. అతని పనిలోని తెలివి ఆ రెండింటిలోనూ కనిపించదు. అది నిలిచిన చోటు గౌడజెట్టివారు వంటి ఆశ్రిత కళాకారులు చెప్పే కులపురాణాల్లో, కాటమయ్యకు చేసే మొక్కుల్లో.

7. ప్రభుత్వం చూసిన చెట్టు

ఆసఫ్‌జాహీ పాలనలో ఆబ్కారీ రాబడి రాజ్య ఖజానాకు ముఖ్యమైన ఆదాయాల్లో ఒకటి. ఫసలీ 1316 (క్రీ.శ. 1906–07) నాటి హైదరాబాదు ఆబ్కారీ చట్టం ఈ వ్యవస్థకు శాసన రూపం కల్పించింది. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం అనే రెండు కాళ్లపై ఆ వ్యవస్థ నడిచింది. దక్కనీ వ్యవహారంలో కల్లును ‘సేంధీ’ అనీ, కల్లు దుకాణాన్ని ‘సేంధీఖానా’ అనీ అన్నారు. గీయడానికి అనుమతించిన చెట్టుపై గుర్తు వేశారు, సంఖ్య ఇచ్చారు.

ఇక్కడొక విచిత్రమైన సామ్యం ఉంది. గీతకార్మికునికీ, ఆబ్కారీ అధికారికీ ఇద్దరికీ ప్రమాణం చెట్టే. అయితే ఒకరు చెట్టును ఎరుగుతారు, మరొకరు చెట్టును లెక్కిస్తారు. ఆ లెక్కకు చెట్టు ఏ జాతిదన్నది పన్ను వేయడానికి అవసరమైనంత మేరకే కావాలి. ఫలానా ఊరి ఫలానా గట్టుమీది చెట్టు కల్లు తీపిగా ఉంటుందన్న సమాచారానికి ఆ పుస్తకంలో గడి లేదు. సమకాలిక ఫ్రాన్సుతో పోల్చితే ఈ భేదం స్పష్టమవుతుంది. సరిగ్గా అదే దశాబ్దంలో, 1905–1911 మధ్య, ఫ్రెంచి రాజ్యం ఊరి పేర్లకు హద్దులు గీస్తున్నది. హైదరాబాదు రాజ్యం చెట్లకు సంఖ్యలు వేస్తున్నది.

మరొక భేదం ఆస్తికి సంబంధించినది. లాంగ్‌దాక్, షాంపేన్ రైతుల్లో అధికులు ఎంత చిన్నదైనా తమదైన తోట ఉన్నవారు. తెలంగాణలో చెట్టు పట్టాదారు గట్టుమీద ఉంటుంది, గీసే హక్కు ప్రభుత్వం ఇస్తుంది, దుకాణం గుత్తేదారు పాడుకుంటాడు. ఎక్కే మనిషికి మిగిలేది మోకు, కత్తి. దీనికి తోడు వెట్టి. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రచురించిన తెలంగాణ పోరాట గ్రంథం ఏ కులం ఏ వెట్టి చేయవలసి వచ్చిందో వివరిస్తుంది. దొర కుటుంబం కోసం కొన్ని చెట్లను ప్రత్యేకించి ఉచితంగా కల్లు పోయడం గీతకార్మికుని వంతు. పాలకుర్తి విసునూరు దేశముఖు ప్రాబల్యంలోని ఊరు. ఐలమ్మ తాను సాగుచేసిన పంటను దక్కించుకోవడానికి ఎదురు నిలిచినది ఆ అధికారాన్నే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో సాయుధ దశకు చేరిన ఆ పోరాటంలో భూమి, వెట్టి ప్రధాన సమస్యలు. కల్లుకు ఊరి పేరు కావాలన్న డిమాండు అప్పుడు పుట్టే అవకాశమే లేదు. శ్రమకే ధర లేని చోట సరుకు పేరుకు ధర ఎలా వస్తుంది?

8. పేరు లేని చోట కల్తీ

స్వాతంత్ర్యానంతరం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం, ఆ తర్వాత వచ్చిన గీతకార్మిక సహకార సంఘాల అనుమతులు, గీసేవారికే చెట్టు అనే పద్ధతి గుత్తేదారు పట్టును కొంత సడలించాయి. అయినా సరుకును గుర్తించే తీరు మారలేదు. పట్టణ దుకాణంలో అమ్మే కల్లుకు అనుమతి పత్రం ఉంటుంది గాని, ఏ చెట్టుదో, ఏ ఊరిదో, ఏ పూటదో చెప్పే చీటీ ఉండదు.

పట్టణాల్లో గిరాకీ పెరిగి, చెట్లు తగ్గిన కొద్దీ కొరతను మరో ద్రవం పూరించింది. క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రజోలాం వంటి మత్తుమందులు కలిపిన నీళ్లు కల్లు పేరుతో అమ్ముడుపోయాయి. 2015 సెప్టెంబరులో నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీపై నిఘా పెరగగానే, ఆ మందుకు అలవాటుపడినవారు వింత ప్రవర్తనతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. వారిని బాధించినది కల్లు లేకపోవడం కాదు, మందు లేకపోవడం. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది.

ఈ పరిస్థితిని ఫిలాక్సెరా తర్వాతి ఫ్రాన్సుతో పోల్చవచ్చు. రెండు చోట్లా కొరత, పెరిగిన పట్టణ గిరాకీ, చక్కెర నీళ్లు లేదా మందు నీళ్లు, పడిపోయిన అసలు ఉత్పత్తిదారుని ప్రతిష్ఠ కనిపిస్తాయి. ఫ్రాన్సులో నష్టపోయిన రైతు తన సరుకును కల్తీ నుంచి వేరుచేసి చూపడానికి ఊరి పేరును ఆయుధంగా చేసుకున్నాడు. ఇక్కడ చెట్టెక్కి అసలు కల్లు దించే కార్మికుడు, ట్యాంకరులో నీళ్లు తెచ్చే వ్యాపారి ఒకే ‘కల్లు’ అనే మాట కింద ఉన్నారు. కల్తీ వార్త వచ్చిన ప్రతిసారీ నింద ఇద్దరిమీదా పడుతుంది. 2004లో హైదరాబాదు నగరంలో కల్లు దుకాణాలను మూసివేసినప్పుడూ, 2014లో తిరిగి అనుమతించినప్పుడూ చర్చ ‘కల్లు ఉండాలా వద్దా’ అన్నదాని చుట్టూనే తిరిగింది. ‘ఏ కల్లు’ అన్న ప్రశ్న వెనుకబడింది.

అలాగని ఫ్రెంచి నమూనాను యథాతథంగా తెచ్చుకోవడం కుదరదు. కల్లుకు నిలవ లేదు, కాబట్టి దూరపు మార్కెట్టులో పేరు సంపాదించే అవకాశం పరిమితం. 2023 మేలో హైదరాబాదులో ప్రారంభమైన నీరా కేంద్రం పులియని రసాన్ని చల్లబరిచి అమ్మే ప్రయత్నం. అది నీరాకు దారి చూపుతుంది గాని పల్లె కల్లుకు కాదు. భారతదేశపు భౌగోళిక గుర్తింపుల చట్టం (1999) కింద గోవా ఫెనీ 2009లో గుర్తింపు పొందింది. అయితే ఫెనీ బట్టీ పట్టిన సారాయి, సీసాలో నిలుస్తుంది. జనగామ జిల్లాకే చెందిన పెంబర్తి లోహశిల్పానికీ ఆ గుర్తింపు ఉంది. అదీ నిలిచే వస్తువే. ఓబ్ రైతుల అనుభవం మరో హెచ్చరిక చేస్తుంది. హద్దు గీసేది ఎవరు, లోపల ఎవరు, వెలుపల ఎవరు అన్న ప్రశ్నలు తేలకుండా పేరును చట్టం చేస్తే, చెట్టులేని గీతకార్మికుడు మళ్లీ వెలుపలే మిగలవచ్చు. మద్యం వల్ల కుటుంబాలు పడిన బాధలను 1992లో దూబగుంట స్త్రీలు సారా వ్యతిరేకోద్యమంగా మలచిన చరిత్రను కూడా విస్మరించరాదు. ఈ వ్యాసం పానాన్ని సమర్థించడానికి ఉద్దేశించినది కాదు. ఏది తాగుతున్నామో తెలుసుకునే హక్కు గురించి, ఆ తెలివిని కాపాడిన శ్రమ గురించి మాట్లాడడానికి ఉద్దేశించినది.

9. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

1. ఫ్రెంచి వైన్‌ను ప్రాంతం, ద్రాక్ష రకం ఆధారంగా గుర్తించే పద్ధతి రాజశాసనాలు, మార్కెట్టు, కల్తీ వ్యతిరేక పోరాటాలు కలిసి నిర్మించిన చారిత్రక వ్యవస్థ.

2. పాలకుర్తి ప్రాంతపు గీతవృత్తిలో జాతి, లింగం, ఋతువు, పూట ఆధారంగా నిలిచిన వర్గీకరణ ఉంది. దీనికి మూలం విత్తనం నుంచి పెరిగే, ఒకదానికొకటి పోలని చెట్లు. అందువల్ల ఈ జ్ఞానం రకానికి కాక చెట్టుకు, ఆ చెట్టును ఎక్కే మనిషికి అంటిపెట్టుకొని ఉంది.

3. ఆబ్కారీ వ్యవస్థ చెట్టును పన్ను ప్రమాణంగా మాత్రమే నమోదు చేసింది. ఆస్తిహక్కు లేకపోవడం, వెట్టి భారం వల్ల గీతకార్మికులు తమ సరుకు పేరు కోసం పోరాడే స్థితిలో లేరు.

4. మూలాన్ని చెప్పని సరుకులో కల్తీకి చోటు ఎక్కువ. కల్లును నిషేధించడం, అనుమతించడం అనే రెండు మార్గాలకే పరిమితమైన విధానం అసలును నకిలీ నుంచి వేరుచేయలేకపోయింది.

చట్టం రావడానికి ముందు జరగవలసిన పని ఒకటి ఉంది. అది పరిశోధకులు చేయగలిగిన పని. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదాలను ఊరూరా సేకరించి చూపింది. 1971లో చేనేత సంపుటం వచ్చింది. అదే క్రమశిక్షణతో ప్రతి మండలంలో గీతకార్మికుల నుంచి చెట్ల పేర్లు, పారుడు కాలాలు, పనిముట్లు, రుచి భేదాలను చెప్పే మాటలు సేకరించాలి. పదిహేనేళ్లకు గాని పూతకు రాని చెట్టును నేడు నాటినా, దాన్ని ఎక్కి ఎరిగేవాడు అప్పటికి ఉంటాడన్న హామీ లేదు. చెట్టుకంటే ముందు మాట పోకుండా చూడవలసిన బాధ్యత తెలుగు శాఖలదీ, చరిత్ర శాఖలదీ.